డ్రై సంప్ ఇంజిన్‌లో ఆయిల్ లైన్ ఫిట్టింగులు: ఏ లైనుకు ఏది, ఎందుకు

క్లుప్తంగా: డ్రై సంప్ (ఆయిల్‌ను అడుగు పాన్‌లో కాక బయటి ట్యాంకులో ఉంచే) ఇంజిన్‌లో ఆయిల్ తిరిగే లైన్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉన్నా, ఒక్కోదాని పని వేరు, చెడిపోయే తీరూ వేరు. వీటిలో ట్యాంకు నుంచి పంపుకు వచ్చే లైను అన్నిటికంటే సున్నితమైనది. అక్కడ ఆయిల్‌ను నెట్టేది ప్రధానంగా వాతావరణ పీడనమే. అందువల్ల సైజు, మలుపు, సీలు ఈ మూడింటిలోనూ మొదటి ప్రాధాన్యం ఆ లైనుకే ఇవ్వాలి. ఇక మర పట్టినంత మాత్రాన ఫిట్టింగ్ (గొట్టాన్ని మరతో కలిపే ముక్క) సరిపోయినట్టు కాదు. మర ఒకటే అయినా సీటు (రెండు ముక్కలు ఒకదానికొకటి ఒత్తుకునే ఉపరితలం) కోణం వేరుగా ఉన్న ఫిట్టింగులు చలామణీలో ఉన్నాయి.

గందరగోళం ఎక్కడ మొదలవుతుంది

మామూలు ఇంజిన్‌లో ఆయిల్ అడుగున ఉన్న పాన్‌లోనే ఉంటుంది. పంపు దాన్ని పీల్చి, బ్లాక్‌లో తొలిచిన దారుల గుండా బేరింగులకు పంపుతుంది. ఆ దారులు ఎంత వెడల్పు ఉండాలో, ఎక్కడ మలుపు తిరగాలో తయారీదారు ముందే తేల్చేస్తాడు. డ్రై సంప్‌లో అలా కాదు. పాన్‌లో పడిన ఆయిల్‌ను పంపులోని స్కావెంజ్ స్టేజీలు (ఆయిల్‌ను వెనక్కి లాగే అరలు) ఎప్పటికప్పుడు లాగేసి బయటి ట్యాంకుకు చేరుస్తాయి. ట్యాంకులో గాలి విడిపోయిన ఆయిల్‌ను ప్రెజర్ స్టేజీ తీసుకుని ఇంజిన్‌కు ఇస్తుంది. మలుపుల్లో, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆయిల్ ఒక పక్కకు ఒరిగి పంపు గాలి పీల్చే ప్రమాదం ఈ ఏర్పాటుతో చాలావరకు తప్పుతుంది. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్, మొదటి నుంచీ పోర్షే 911, 2006లో కార్వెట్ జడ్06కు వచ్చిన ఎల్‌ఎస్7 ఇంజిన్ ఈ పద్ధతినే వాడాయి.

అలాంటి కార్లలో లైన్ల సంగతి ఫ్యాక్టరీ చూసుకుంది. మామూలు ఇంజిన్‌ను డ్రై సంప్‌కు మార్చేటప్పుడు మాత్రం ఆ భారమంతా ఇంజిన్ కట్టేవారి మీదే పడుతుంది. మూడు స్కావెంజ్ స్టేజీలు, ఒక ప్రెజర్ స్టేజీ ఉన్న పంపునే తీసుకుందాం. పాన్ నుంచి పంపుకు మూడు లైన్లు, పంపు నుంచి ట్యాంకుకు ఒకటి, ట్యాంకు నుంచి పంపుకు ఒకటి, పంపు నుంచి ఫిల్టరుకు ఒకటి, ఫిల్టరు నుంచి ఇంజిన్‌కు ఒకటి, ట్యాంకులోని గాలి బయటికి పోయే బ్రీదర్‌కు ఒకటి. మొత్తం ఎనిమిది లైన్లు, పదహారు చివరలు. ప్రతి చివరా మూడు చోట్ల సీలు కావాలి: గొట్టానికీ హోస్ ఎండ్‌కూ (గొట్టం చివర బిగించే ముక్క) మధ్య, హోస్ ఎండ్‌కూ అడాప్టర్‌కూ మధ్య, అడాప్టర్‌కూ పోర్టుకూ మధ్య. అంటే 48 సీళ్లు. ఆయిల్ కూలర్ పెడితే ఇంకా పెరుగుతాయి. వీటిలో ఒక్కటి తప్పినా మిగతా 47 సక్రమంగా ఉండి చేసేదేమీ లేదు.

డాష్ నంబరు చెప్పేదీ, చెప్పనిదీ

రేసింగ్ ఇంజిన్లలో ఎక్కువగా కనిపించేవి ఏఎన్ ఫిట్టింగులు. అమెరికా సైన్యం, నౌకాదళం కలిసి రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాడుకలోకి తెచ్చిన ప్రమాణం ఇది. ఇందులో డాష్ నంబరు అంగుళంలో పదహారో వంతులను సూచిస్తుంది. డాష్-10 అంటే 10/16, అంటే 5/8 అంగుళం. డాష్-12 ముప్పావు అంగుళం, డాష్-16 ఒక అంగుళం.

ఈ కొలత లోహపు ట్యూబు బయటి వ్యాసానిది. లోపల ఆయిల్ పారే రంధ్రం అంతకంటే చిన్నది. రబ్బరు లైనర్ (లోపలి పొర) ఉన్న డాష్-12 గొట్టం లోపల సుమారు 17.5 మిల్లీమీటర్లు ఉంటే, డాష్-12 అడాప్టర్ లోపలి రంధ్రం సుమారు 15.5 మిల్లీమీటర్లే. ఒకే నంబరు వేసుకున్న రెండు కంపెనీల ఫిట్టింగుల్లో కూడా లోపలి రంధ్రం, మెట్టు, మలుపు ఆకారం వేరుగా ఉండవచ్చు. కాబట్టి నంబరును బట్టి కాక, కాలిపర్‌తో కొలిచిన లోపలి కొలతను బట్టి లెక్క వేసుకోవాలి.

ఒక్క బార్‌తో సరిపెట్టుకోవలసిన లైను

పంపు ఆయిల్‌ను లాగుతుందని మాటవరసకు అంటాం. నిజానికి ద్రవాన్ని లాగడం అనేది ఉండదు. పంపు తన నోటి దగ్గర పీడనం తగ్గిస్తుంది, ట్యాంకులో ఆయిల్ మీద ఉన్న వాతావరణ పీడనం ఆయిల్‌ను అటు నెడుతుంది. సముద్రమట్టం దగ్గర ఆ పీడనం 1.013 బార్. వెయ్యి మీటర్ల ఎత్తున అది సుమారు 0.9 బార్‌కు తగ్గుతుంది. లైనులో, మలుపుల్లో, ఫిట్టింగుల్లో జరిగే నష్టాలన్నీ ఆ ఒక్క బార్ లోపలే తీరాలి. పంపు ఎంత పెద్దదైనా దీన్ని పెంచలేదు.

అసలు పూర్తి బార్ కూడా చేతిలో ఉండదు. మినరల్ ఆయిల్‌లో మామూలుగానే ఘనపరిమాణంలో సుమారు 8-9 శాతం గాలి కరిగి ఉంటుంది. పీడనం తగ్గేకొద్దీ ఆ గాలి బుడగలుగా బయటపడుతుంది. బుడగలతో నిండిన ఆయిల్ పంపులోకి వెళితే బయటికి వచ్చే అసలు ఆయిల్ తగ్గుతుంది, మీటరులో పీడనం వణుకుతుంది, బేరింగు మీది ఆయిల్ పొర పలచబడుతుంది. పీడనం పెరిగిన చోట ఆ బుడగలు చితికి పంపు రోటర్ల (లోపల తిరిగే భాగాల) ఉపరితలాన్ని కూడా తినేస్తాయి.

ఇక్కడ సైజు ఎంత తేడా తెస్తుందో ఒక లెక్క చూద్దాం. 20డబ్ల్యూ-50 ఆయిల్, 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర, స్నిగ్ధత (చిక్కదనం) సుమారు 180 సెంటీస్టోక్స్. నిమిషానికి 40 లీటర్ల ప్రవాహం, ఒక మీటరు వంపులేని గొట్టం. లోపల 14.2 మిల్లీమీటర్లు ఉండే డాష్-10లో పీడన నష్టం దాదాపు 1.05 బార్. 17.5 మిల్లీమీటర్ల డాష్-12లో సుమారు 0.45 బార్. 22.2 మిల్లీమీటర్ల డాష్-16లో సుమారు 0.18 బార్.

మొదటి అంకె వాతావరణ పీడనం కంటే ఎక్కువ. అంటే ఆ ఉష్ణోగ్రతలో ఆ గొట్టం గుండా అంత ఆయిల్ పంపుకు చేరనే చేరదు. మలుపుగానీ ఫిట్టింగ్‌గానీ ఇంకా లెక్కలోకే రాలేదు. ఇంత తేడాకు కారణం ఉంది: ప్రవాహం పొరలు పొరలుగా సాగేటప్పుడు నష్టం లోపలి వ్యాసపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. వ్యాసం నాలుగో వంతు పెరిగితే నష్టం సగానికి కిందికి పడిపోతుంది.

ఆయిల్ 100 డిగ్రీలకు వేడెక్కాక స్నిగ్ధత 18 సెంటీస్టోక్స్ చుట్టుపక్కలకు దిగుతుంది. అప్పుడు డాష్-12 కూడా ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. వేడి ఇంజిన్ మీద చేసిన పరీక్షల్లో చిన్న లైను బాగానే ఉన్నట్టు కనిపించడానికి ఇదే కారణం. అసలు హాని చల్లటి ఇంజిన్‌ను తొందరపడి రెవ్ చేసినప్పుడు జరుగుతుంది. అందువల్ల ట్యాంకు నుంచి పంపుకు వచ్చే లైనుకు డాష్-12ను కనీస సైజుగా, డాష్-16ను సరైన సైజుగా చూడటం మేలు. చిన్న ఇంజిన్‌కు, ట్యాంకు పంపుకు దగ్గరగా ఉన్నప్పుడు డాష్-12 చాలు. ట్యాంకు డిక్కీలోనూ, ఇంజిన్ కారు ముందు భాగంలోనూ ఉంటే మాత్రం డాష్-16 కంటే తగ్గకూడదు.

ట్యాంకును పంపు కంటే ఎత్తులో పెడితే ఆయిల్ బరువు కూడా కొంత సాయం చేస్తుంది. అయితే 30 సెంటీమీటర్ల ఎత్తుకు వచ్చేది 0.026 బారే. పంపు ఎండిపోకుండా ఉండటానికి అది పనికొస్తుంది గానీ, ఇరుకు లైను చేసే నష్టాన్ని పూడ్చలేదు.

మలుపు లోపల ఏముంది

తొంభై డిగ్రీల ఫిట్టింగులు రెండు రకాలు. ఒకటి లోహపు దిమ్మెకు రెండు వైపుల నుంచి రంధ్రాలు తొలిచి లోపల కలిపినది. బయటికి నున్నగా కనిపించినా లోపల పదునైన మూల ఉంటుంది. రెండోది ట్యూబునే గుండ్రంగా వంచి చేసినది. పదునైన మూల తిరిగే ప్రవాహానికి నష్ట గుణకం దాదాపు 1.1, విశాలమైన వంపుకు 0.2 నుంచి 0.3 అని ద్రవగతిశాస్త్ర పట్టికలు చెబుతాయి. ఆయిల్ వేడెక్కి ప్రవాహం వేగంగా ఉన్నప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. చల్లటి, చిక్కటి ఆయిల్‌లో రెండు రకాల నష్టాలూ ఇంకా పెరుగుతాయి.

ట్యాంకు లైనులో వీలైతే వంపులేని హోస్ ఎండ్ పెట్టి, గొట్టాన్నే పెద్ద వంపుతో తిప్పడం ఉత్తమం. చోటు లేకపోతే వంచిన ట్యూబు రకం వాడాలి. బ్యాంజో ఫిట్టింగ్ ఆ లైనుకు పనికిరాదు. దాని బోల్టులో అడ్డంగా తొలిచిన చిన్న రంధ్రాలే ప్రవాహానికి ఉన్న దారి. త్వరగా ఊడదీసే కప్లర్లలో కవాటాలు దారికి అడ్డంగా ఉంటాయి కాబట్టి అవీ ఇక్కడ వద్దు. సర్వీసు సౌకర్యం కోసం కొందరు ట్యాంకు కింద బాల్ వాల్వు పెడుతుంటారు. దాన్ని తెరవడం ఒక్కసారి మరిచిపోయి ఇంజిన్ స్టార్ట్ చేస్తే బేరింగులు పోతాయి. ఆ సౌకర్యం ఆ ప్రమాదానికి తగినది కాదు.

స్కావెంజ్ లైన్లు: పెద్దది కావడమే మేలు కాదు

పాన్ నుంచి పంపుకు వచ్చే లైన్లు కూడా పీల్పు వైపువే. కానీ వాటిలో పారేది ఒట్టి ఆయిల్ కాదు. ఆయిల్, గాలి, పిస్టన్ రింగుల పక్కనుంచి జారిన వాయువులు కలిసిన నురగ. స్కావెంజ్ స్టేజీల మొత్తం సామర్థ్యం ప్రెజర్ స్టేజీ కంటే చాలా ఎక్కువగా పెట్టేది అందుకే.

ఈ మిశ్రమంలో గాలి వేగమే ఆయిల్‌ను పైకి మోసుకుపోతుంది. గొట్టం మరీ పెద్దదైతే తక్కువ ఆర్‌పీఎం దగ్గర వేగం చాలక ఆయిల్ గొట్టంలోనే నిలిచిపోతుంది. అందుకే ఒక్కో స్టేజీకి డాష్-10 గానీ డాష్-12 గానీ వాడటం స్థిరపడింది. ట్యాంకు లైనుకు వర్తించే సూత్రాన్ని ఇక్కడికి యథాతథంగా తేకూడదు.

రెండు పాన్ పికప్‌లను (ఆయిల్ పీల్చే నోళ్లను) వై-ఫిట్టింగ్‌తో కలిపి ఒకే స్టేజీకి ఇవ్వడం తరచుగా కనిపించే పొరపాటు. కారు ఒక పక్కకు ఒరిగినప్పుడు ఒక పికప్ ఆయిల్‌లో మునిగి ఉంటుంది, రెండోది గాలిలో తేలుతుంది. పంపుకు గాలి సులువుగా దొరుకుతుంది కాబట్టి దాన్నే తీసుకుంటుంది. ఆయిల్ నిండిన పక్క అలాగే ఉండిపోతుంది, క్రాంక్‌షాఫ్ట్ దాన్ని చిలుకుతుంది, ఆయిల్ వేడెక్కుతుంది, పవరు తగ్గుతుంది. పీల్పు వైపు ఒక పికప్‌కు ఒక స్టేజీ అనే నియమం అందుకే. స్టేజీలు దాటాక, పంపు బయటి వైపు, లైన్లను కలపవచ్చు. అలా కలిపి ట్యాంకుకు పంపే లైను పెద్దదిగా ఉండాలి.

పాన్ పోర్టు దగ్గర జాలీ ఉన్న ఫిట్టింగ్ పెట్టడం మంచి అలవాటు. విరిగిన పిస్టన్ ముక్క, లోహపు పొట్టు రోటర్లలోకి పోకుండా అది ఆపుతుంది. పొడవైన జాలీకి మొత్తం రంధ్రాల వైశాల్యం గొట్టం లోపలి వైశాల్యం కంటే చాలా ఎక్కువ ఉంటుంది కాబట్టి కొంత మురికి పట్టినా ప్రవాహం ఆగదు. నాణెంలా గుండ్రంగా, చదునుగా ఉండే జాలీలకు ఆ వెసులుబాటు లేదు.

లాగిన గాలి అంతా చివరికి ట్యాంకు బ్రీదర్ నుంచే బయటికి పోవాలి. ఆ ఫిట్టింగ్ చిన్నదైతే ట్యాంకులో పీడనం పెరిగి ఆయిల్ బ్రీదర్ నుంచి చిమ్ముతుంది.

ప్రెజర్ లైను

దీని మీద ఆందోళన ఎక్కువగా కనిపిస్తుంది గానీ, నిజానికి అన్నిటికంటే తక్కువ తలనొప్పి ఇదే. వెనక పంపు ఉంది, చేతిలో ఐదారు బార్ పీడనం ఉంది. కొంత నష్టం జరిగినా రిలీఫ్ వాల్వు (అదనపు పీడనాన్ని వదిలే కవాటం) సర్దుబాటుతో సరిదిద్దుకోవచ్చు. డాష్-10 గానీ డాష్-12 గానీ సరిపోతుంది. పీడనం చూపే సెన్సరును పంపు దగ్గర కాక ఇంజిన్ గ్యాలరీ (బేరింగులకు ఆయిల్ పంచే ప్రధాన దారి) మొదట్లో పెట్టాలి. ఫిల్టరు, కూలర్, ఫిట్టింగులు తిన్నాక బేరింగుకు మిగిలింది ఎంతో అక్కడే తెలుస్తుంది. చల్లటి ఆయిల్‌తో స్టార్ట్ చేసిన క్షణంలో పీడనం మామూలు కంటే బాగా ఎగుస్తుంది. గొట్టపు రేటింగ్ ఆ ఎగుపుకు సరిపడా ఉండాలి.

మర పట్టింది, సీటు పట్టలేదు

ఏఎన్ ఫిట్టింగ్‌లో ఆయిల్‌ను ఆపేది మర కాదు. 37 డిగ్రీల కోణంలో ఉన్న రెండు శంఖాకార ఉపరితలాలు ఒకదానికొకటి ఒత్తుకోవడమే సీలు. మర ఆ ఒత్తిడిని ఇస్తుంది, అంతే. ఈ సంగతి పట్టుబడితే చాలా సందేహాలు విడిపోతాయి.

డాష్-10 ఏఎన్ మర 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. వాహనాల్లో, రిఫ్రిజిరేషన్ పనుల్లో కనిపించే ఎస్‌ఏఈ 45 డిగ్రీల ఫ్లేర్ ఫిట్టింగ్‌లో 5/8 అంగుళాల ట్యూబుకు కూడా అదే మర. నట్టు హాయిగా తిరుగుతుంది, గట్టిగా బిగుస్తుంది. కానీ లోపల 8 డిగ్రీల తేడా వల్ల రెండు శంఖాలూ సన్నటి గీత మేర మాత్రమే తాకుతాయి. వర్క్‌షాపులో కారదు, వేడికీ కంపనానికీ తర్వాత కారడం మొదలవుతుంది. డాష్-8లోనూ ఇదే పరిస్థితి: రెంటికీ 3/4 అంగుళం, 16 చుట్లు.

పారిశ్రామిక హైడ్రాలిక్స్‌లోని జేఐసీ ఫిట్టింగులకూ 37 డిగ్రీల సీటే, అవే మరలు. కాకపోతే ఏఎన్ మరల ఖచ్చితత్వపు తరగతి ఎక్కువ. ఇంజిన్ ఆయిల్ పీడనాలకు ఉక్కు జేఐసీ అడాప్టర్ నిస్సందేహంగా సరిపోతుంది. బరువు ఎక్కువ అన్నదొక్కటే అభ్యంతరం.

పోర్టు వైపు చిక్కు ఇంకోరకం. పోర్టులు ప్రధానంగా నాలుగు తీరులు: ఎన్‌పీటీ అనే అమెరికన్ టేపర్ (క్రమంగా సన్నబడే) మర, బీఎస్‌పీ అనే బ్రిటిష్ పైపు మర, మెట్రిక్, ఓ-రింగ్ బాస్. అర అంగుళం ఎన్‌పీటీకీ, అర అంగుళం బీఎస్‌పీకీ అంగుళానికి చుట్లు 14 మాత్రమే. ఒకదాంట్లో ఇంకొకటి రెండు మూడు చుట్లు తిరుగుతుంది కూడా. కానీ ఎన్‌పీటీ మర కోణం 60 డిగ్రీలు, బీఎస్‌పీది 55, వ్యాసాలు కూడా కొద్దిగా వేరు. బలవంతంగా బిగిస్తే అల్యూమినియం పంపు బాడీ మర చెడుతుంది.

టేపర్ మర సరైనదే అయినా అది చీలికలా పనిచేస్తుంది. బిగించేకొద్దీ పోర్టును లోపలి నుంచి విప్పదీస్తుంది. పోత అల్యూమినియం బాడీ పగలడానికి ఇదొక ప్రధాన కారణం. పైగా మోచేయి ఫిట్టింగ్ కావలసిన దిక్కుకు తిరిగేసరికి బిగింపు చాలకపోవడమో, మితిమీరడమో జరుగుతుంది. ఓ-రింగ్ బాస్‌లో మర సమాంతరం, సీలు రబ్బరు రింగుది. అది పోర్టును నెట్టదు, మళ్లీ మళ్లీ విప్పి బిగించినా పోర్టు అంత త్వరగా పాడవదు. పంపు, ట్యాంకు కొత్తగా కొనేటప్పుడు ఎంచుకునే వీలుంటే ఓ-రింగ్ పోర్టులవే తీసుకోవాలి. రింగు నైట్రైల్‌ది కాక, 200 డిగ్రీల దాకా తట్టుకునే వైటాన్‌ది కావాలి. రేసు ఇంజిన్ ఆయిల్ 120 డిగ్రీలు దాటడం అరుదేమీ కాదు.

టెఫ్లాన్ టేపు 37 డిగ్రీల ఫిట్టింగ్ మీద ఎప్పుడూ చుట్టకూడదు. మర దగ్గర సీలు లేదు కాబట్టి దాని వల్ల ఒరిగేది లేదు. తెగిన పోగు ఆయిల్‌లో కొట్టుకుపోయి సన్నటి దారిలో ఇరుక్కుంటే మాత్రం ఒక బేరింగుకు ఆయిల్ ఆగిపోతుంది.

గొట్టం లోపలికి నలిగితే

పీల్పు వైపు గొట్టానికి లోపలి నుంచి బలం కావాలి. మీద అల్లిన స్టీలు జాలీ గొట్టం ఉబ్బకుండా ఆపుతుంది గానీ, లైనర్ లోపలికి కుంగడాన్ని ఆపలేదు. వేడికి మెత్తబడిన రబ్బరు లైనర్ శూన్యానికి ముడుచుకుపోతే బయటినుంచి ఏమీ కనిపించదు. లోపల స్ప్రింగు చుట్ట గానీ గోడలో తీగ గానీ ఉండి, శూన్యానికి రేటింగ్ ఇచ్చిన గొట్టమే అక్కడ వాడాలి.

పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) గొట్టం వేడిని, ఆయిల్‌ను బాగా తట్టుకుంటుంది, కానీ కాస్త ఎక్కువ వంచితే మడత పడుతుంది. దానికి పట్టే హోస్ ఎండ్ వేరు, రబ్బరు గొట్టానికి పట్టేది వేరు. రెండూ ఒకే డాష్ నంబరుతో వస్తాయి కాబట్టి కొనేటప్పుడు తారుమారు అవుతుంటాయి. కలిపి బిగిస్తే పట్టినట్టే ఉండి, ఒత్తిడికి ఊడివస్తాయి.

తిరిగి వాడుకునే రకం హోస్ ఎండ్ బిగించేటప్పుడు ఒక చిన్న ప్రమాదం పొంచి ఉంటుంది. నిపుల్ (గొట్టం లోపలికి దూరే మొన) అంచు లైనర్‌ను చెక్కి, పలచటి రబ్బరు తొక్కను లేపుతుంది. ఒక అంచు అతుక్కునే ఉన్న ఆ తొక్క ఆయిల్ పారగానే లేచి దారిని మూస్తుంది, ఆగగానే పడుకుంటుంది. గొట్టం ఒక చివర లైటు పెట్టి రెండో చివర నుంచి చూస్తే తప్ప అది బయటపడదు. నిపుల్‌కు నూనె రాసి నిదానంగా తిప్పడం, బిగించాక ప్రతి గొట్టాన్నీ అలా చూడటం, కోసినప్పటి రబ్బరు పొడిని కడిగేయడం ఇవన్నీ కలిపి అరగంట పని. ఆ అరగంట మిగుల్చుకోవాలని చూడకూడదు.

కారని లీకు

ప్రెజర్ లైను లీకైతే నేల మీద ఆయిల్ కనిపిస్తుంది. పీల్పు లైను లీకైతే ఇంజిన్ నడుస్తుండగా చుక్క కూడా కారదు. లోపల పీడనం బయటికంటే తక్కువ కాబట్టి గాలి లోపలికి పోతుంది. ట్యాంకు లైనులో అలా జరిగితే ఆ గాలి నేరుగా బేరింగులకు చేరుతుంది. పొడిగా, శుభ్రంగా ఉన్న జాయింటును చూసి బాగుందనుకోవడం ఈ విషయంలో తప్పుదారి పట్టిస్తుంది.

దీన్ని పట్టుకునే పద్ధతి తేలికే. రెండు చివరలూ మూసి, లైనులో అర బార్ గాలి నింపి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాస్తే బుడగ వచ్చిన చోటే లోపం. ఇంజిన్ నడిచేటప్పుడు తెలుసుకోవాలంటే పంపు నోటి దగ్గరి అడాప్టర్‌కు చిన్న గేజు పోర్టు ఉన్న రకం ఎంచుకుని, అక్కడ వాక్యూమ్ గేజు పెట్టాలి. వేడెక్కేటప్పుడు, పూర్తి ఆర్‌పీఎం దగ్గర రెండుసార్లు రీడింగు తీసుకుంటే సైజు సరిపోయిందో లేదో తేలిపోతుంది. మొదటిసారి వేడెక్కి చల్లారిన తర్వాత నట్లను మరోసారి సరిచూసి, నట్టుకూ అడాప్టర్‌కూ కలిపి ఒక రంగు గీత గీసి పెడితే, ఆ తర్వాత ఏది వదులైందో స్పానరు పట్టకుండానే చెప్పవచ్చు.